పోలిష్‌లో వేలు, మిలియన్లు, మిలియార్డులు: విభక్తి మారితే మాట ఎలా మార్చాలి

పోలండ్‌కి చదువుకోసమో ఉద్యోగంకోసమో వచ్చిన మనవాళ్లు పోలిష్ క్లాసుల్లో ఒకటి నుంచి వంద దాకా బానే లాగించేస్తారు, వెయ్యి దగ్గరకి వచ్చేసరికి అందరూ ఒకటే అడుగుతారు: తిశొంత్స్ అనాలా, తిశొంత్సె అనాలా, తిశెంత్సి అనాలా, ఒకే వెయ్యికి ఇన్ని రూపాలేంటి అని. ఇల్లు అద్దెకి తీసుకునేటప్పుడు, బ్యాంకులో, జీతం గురించి మాట్లాడేటప్పుడు రోజూ తగిలేది ఇదే కాబట్టి ఒకసారి కూర్చుని మొత్తం వరసగా రాస్తున్నా. థియరీ తక్కువ, చేసే పద్ధతి ఎక్కువ.

ముందు ఒక్క విషయం మనసులో పెట్టుకోండి, మిగతాదంతా దీన్నుంచే వస్తుంది. పోలిష్‌లో వెయ్యి, మిలియన్ (పది లక్షలు), మిలియార్డ్ (వంద కోట్లు) అనేవి వ్యాకరణం దృష్టిలో మామూలు నామవాచకాలు, పుంలింగం. ఐదు, పది, వంద లాంటివి కావు. వెయ్యిని ఒక బస్తా అనుకోండి, జ్వొతి (అక్కడి కరెన్సీ) అందులో బియ్యం. మీరు లెక్కపెట్టేది బస్తాల్ని, విభక్తి కూడా బస్తాకే తగులుతుంది, లోపల బియ్యం కదలదు.

ఏం కావాలి

- ఒకటి నుంచి పది దాకా అంకెలు, పదులు, వందలు నోటికి వచ్చి ఉండాలి. ఇవే రాకపోతే ముందు అవి చూసుకుని రండి.
- పోలిష్ విభక్తుల పేర్లు కనీసం వినుండాలి: మ్యానొవ్నిక్ (కర్త), దొపెవ్న్యాచ్ (మన "యొక్క", "లేకుండా"), త్సెలొవ్నిక్ (మన "కి"), బ్యెర్నిక్ (మన "ని"), నజెంద్నిక్ (మన "తో"), మ్యెయ్స్‌త్సొవ్నిక్ (మన "లో", "గురించి").
- రూపాల పట్టిక చూపించే ఒక డిక్షనరీ. పోలిష్ విక్షనరీ సరిపోతుంది, ఇంకా గట్టిగా కావాలంటే పోలిష్ గ్రామర్ డిక్షనరీ ఆన్‌లైన్‌లో ఫ్రీగా ఉంది.
- ఒక నోట్‌బుక్. ఇది ఫోన్‌లో చదివేస్తే రాదు, చేత్తో రాస్తేనే వస్తుంది.

పలకడం గురించి రెండు ముక్కలు. ఇక్కడ "త్స" అని రాసినదాన్ని మనం "చాలా", "చాప" అనేటప్పుడు పళ్ల దగ్గర పలికే చ లాగా పలకండి, సరిగ్గా అదే శబ్దం, తెలుగువాళ్లకి ఇది పుట్టుకతో ఉంది కాబట్టి భయపడక్కర్లేదు. శ, ష రెండూ కూడా పోలిష్‌లో వేరువేరు శబ్దాలే, తిశొంత్స్‌లో ఉన్నది మెత్తటి శ. నొక్కి పలకడం దాదాపు ఎప్పుడూ చివరినుంచి రెండో అక్షరం మీద పడుతుంది.

1. ముందు లక్షలు, కోట్లని వాళ్ల లెక్కలోకి మార్చండి

దీన్ని దాటేసి నేరుగా వ్యాకరణంలోకి దూకేస్తే తర్వాత అంతా తేడా కొడుతుంది. లక్ష అంటే స్తో తిశెంత్సి (వంద వేలు). పది లక్షలు మిల్యొన్. కోటి అంటే జెశెంచ్ మిల్యొనుఫ్ (పది మిలియన్లు). వంద కోట్లు మిల్యార్ద్. లక్ష కోట్లు బిల్యొన్.

జాగ్రత్త: ఇంగ్లిష్ బిలియన్ పోలిష్ బిల్యొన్ ఒకటి కాదు. ఇంగ్లిష్ బిలియన్‌కి పోలిష్‌లో మాట మిల్యార్ద్. పోలిష్ బిల్యొన్ దానికి వెయ్యి రెట్లు, ఇంగ్లిష్ ట్రిలియన్‌తో సమానం. ఆఫీసులో ప్రెజెంటేషన్ చేసేవాళ్లు ఇది రెండుసార్లు చెక్ చేసుకోండి, వినడానికి ఒకేలా ఉండటంవల్ల అవతలివాళ్లకి కూడా వెంటనే అనుమానం రాదు.

2. రూపాలు రాసుకోండి

తిశొంత్స్ ఏకవచనం:
కర్త: తిశొంత్స్
యొక్క/లేకుండా: తిశొంత్సా
కి: తిశొంత్సొవి
ని: తిశొంత్స్ (కర్త రూపమే)
తో: తిశొంత్సెమ్
లో/గురించి: తిశొంత్సు

బహువచనం:
కర్త: తిశొంత్సె
యొక్క/లేకుండా: తిశెంత్సి
కి: తిశొంత్సొమ్
ని: తిశొంత్సె
తో: తిశొంత్సామి
లో/గురించి: తిశొంత్సాఖ్

ఇందులో ఒక్కచోట మాత్రమే మధ్య అచ్చు మారింది చూడండి, తిశెంత్సి. మిగతా అన్నిట్లో "శొం", దీంట్లో మాత్రం "శెం". రాసేటప్పుడు కూడా అంతే, మిగతా అన్నిట్లో తోక ఉన్న ఇంగ్లిష్ a (ą), దీంట్లో తోక ఉన్న ఇంగ్లిష్ e (ę). కంగారులో తిశొంత్సి అనో, మిగతా పుంలింగ పదాలు చూసి తిశొంత్సుఫ్ అనో అనేస్తుంటారు, రెండూ తప్పే. ఈ ఒక్క రూపాన్ని పెద్ద అక్షరాలతో రాసి గోడకి అంటించుకోండి, ఎందుకంటే నిజజీవితంలో మీకు అన్నిటికంటే ఎక్కువ తగిలేది ఇదే.

మిల్యొన్ దీనికంటే సులువు, లోపల ఏమీ మారదు, చివర్లు మాత్రమే: మిల్యొన్, మిల్యొనా, మిల్యొనొవి, మిల్యొన్, మిల్యొనెమ్, మిల్యొన్యె. బహువచనం మిల్యొని, మిల్యొనుఫ్, మిల్యొనొమ్, మిల్యొని, మిల్యొనామి, మిల్యొనాఖ్. బిల్యొన్ అచ్చంగా ఇలాగే. మిల్యార్ద్ కూడా ఇలాగే వెళ్తుంది (మిల్యార్ది, మిల్యార్దుఫ్, మిల్యార్దామి), ఏకవచనంలో "లో/గురించి" రూపం మాత్రం మిల్యార్జె అవుతుంది, ద కాస్తా జ అయిపోతుంది.

3. ముందున్న అంకె చూడండి

ఇక్కడ కర్త రూపం, అంటే డిక్షనరీలో ఉన్నట్టు మామూలుగా చదవడం గురించి మాత్రమే మాట్లాడుతున్నా. మూడు గుంపులే ఉన్నాయి.

ఒకటి అయితే: తిశొంత్స్, మిల్యొన్. మామూలుగా ముందు యెదెన్ (ఒకటి) పెట్టరు, మనం ఒక వెయ్యి అనకుండా వెయ్యి అన్నట్టే.

రెండు, మూడు, నాలుగు అయితే: ద్వా తిశొంత్సె, త్షి తిశొంత్సె, చ్తెరి తిశొంత్సె. ద్వా మిల్యొని.

ఐదు నుంచి పైకి: ప్యెంచ్ తిశెంత్సి, జెశెంచ్ తిశెంత్సి, స్తో తిశెంత్సి. ప్యెంచ్ మిల్యొనుఫ్.

పెద్ద అంకెలకి చివరి మాట చూడాలి. 22, 23, 24, 32, 143 లాంటివి రెండో గుంపులోకి వస్తాయి: ద్వాజెశ్చా త్షి తిశొంత్సె (23 వేలు). కానీ 12, 13, 14 మాత్రం మూడో గుంపు, ద్వానాశ్చె తిశెంత్సి, ఎందుకంటే ఇవి పోలిష్‌లో ఒకే మాట, చివర విడిగా రెండు, మూడు లేవు. ఇంకొకటి, ఇక్కడే ఎక్కువమంది పడతారు, 21, 31, 101 లాంటివి ఒకటితో ముగిసినా మొదటి గుంపులోకి రావు, మూడో గుంపులోకే వెళ్తాయి: ద్వాజెశ్చా యెదెన్ తిశెంత్సి. రష్యన్ తెలిసినవాళ్లు దీన్ని తప్పకుండా తప్పు చేస్తారు, అక్కడ పద్ధతి వేరు.

"కొన్ని" అనే మాటలన్నీ కూడా మూడో గుంపే: కిల్కా తిశెంత్సి (కొన్ని వేలు), కిల్కానాశ్చె తిశెంత్సి (పది దాటి, ఇరవై లోపు వేలు), కిల్కాజెశొంత్ తిశెంత్సి (కొన్ని పదుల వేలు), కిల్కాసెత్ తిశెంత్సి (కొన్ని లక్షలు).

ఈ మూడు గుంపులు కళ్లకి కట్టినట్టు కనపడాలంటే పోలండ్ పాత కరెన్సీ నోట్ల ఫొటోలు వెతికి చూడండి. 1995 జనవరి 1న పది వేల పాత జ్వొతిని ఒక కొత్త జ్వొతిగా మార్చారు, దానికి ముందు ధరలు పెరిగిపోయి మిలియన్ల నోట్లు కూడా వచ్చాయి. కొపర్నికస్ బొమ్మ ఉన్న వెయ్యి నోటు మీద తిశొంత్స్ జ్వొతిఖ్ అని ఉంటుంది. పోలండ్ మొదటి పాలకుడు మ్యెష్కో బొమ్మ ఉన్న రెండు వేల నోటు మీద ద్వా తిశొంత్సె జ్వొతిఖ్. సంగీతకారుడు షొపాన్ ఉన్న ఐదు వేల నోటు మీద ప్యెంచ్ తిశెంత్సి జ్వొతిఖ్. రచయిత రేమొంత్ ఉన్న మిలియన్ నోటు మీద మిల్యొన్ జ్వొతిఖ్, పియానో విద్వాంసుడు, ప్రధానిగా కూడా చేసిన పదెరెవ్‌స్కి ఉన్న రెండు మిలియన్ల నోటు మీద ద్వా మిల్యొని జ్వొతిఖ్. వరసగా పెట్టుకుంటే ఏ టెక్స్ట్‌బుక్కూ ఇంత శుభ్రంగా చెప్పదు, అందుకే నేను ఎవరడిగినా మొదట ఈ నోట్లే చూపిస్తా. ఇప్పుడు వాడే నోట్లలో పెద్దది 500, కాబట్టి పర్సులో ఉన్న డబ్బుతో వెయ్యి నేర్చుకోవడం కుదరదు.

4. లెక్కపెట్టే వస్తువుని ఒక్కసారి ఫిక్స్ చేసేయండి

పైన నోట్లన్నిటి మీదా జ్వొతిఖ్ మాత్రం మారలేదు, గమనించారా? తిశొంత్స్, మిల్యొన్, మిల్యార్ద్ తర్వాత వచ్చే వస్తువు ఎప్పుడూ బహువచనం దొపెవ్న్యాచ్‌లోనే ఉంటుంది. ముందు అంకె ఏదైనా, వాక్యం ఏ విభక్తి అడిగినా సరే. తిశొంత్స్ జ్వొతిఖ్, ద్వా తిశొంత్సె జ్వొతిఖ్, స్ తిశొంత్సెమ్ జ్వొతిఖ్ (వెయ్యి జ్వొతితో). మనుషులైనా అంతే: తిశొంత్స్ ఒసుప్ (వెయ్యి మంది), మిల్యొన్ లుజి (మిలియన్ మంది).

చిన్న అంకెలతో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. "వంద జ్వొతితో" అనాలంటే జె స్తు జ్వొతిమి, ఇక్కడ జ్వొతి కూడా "తో" రూపంలోకి మారింది. "వెయ్యి జ్వొతితో" అంటే స్ తిశొంత్సెమ్ జ్వొతిఖ్, ఇక్కడ జ్వొతి కదల్లేదు. వంద అంకె, వెయ్యి నామవాచకం, తేడా అదే.

ఒక మినహాయింపు ఉంది: నంబరు వెయ్యితో ఆగకుండా ఇంకా ముందుకి వెళ్తే చివరి మాటే వస్తువుని శాసిస్తుంది. 2 000 అయితే ద్వా తిశొంత్సె జ్వొతిఖ్, 2 002 అయితే ద్వా తిశొంత్సె ద్వా జ్వొతె, ఎందుకంటే ఇప్పుడు చివర ఉన్నది రెండు. 2 005 మళ్లీ జ్వొతిఖ్.

5. వాక్యం ఏ విభక్తి అడుగుతోందో కనిపెట్టండి

ఇది నంబరుతో సంబంధం లేని పని. ముందున్న మాట, క్రియ మాత్రమే చూడండి. డబ్బు విషయంలో నిజంగా అవసరమయ్యేవి ఇవీ:

దొపెవ్న్యాచ్ అడిగేవి (ఇవే ఎక్కువ): ఒద్ (నుంచి), దో (దాకా), ఒకొవొ (సుమారు), పొవిజెయ్ (కంటే పైన), పొనిజెయ్ (కంటే కింద), బెజ్ (లేకుండా), వ్ విసొకొశ్చి (ఇంత మొత్తంలో, కాంట్రాక్టుల్లో తప్పకుండా ఉంటుంది). క్రియల్లో న్యె మామ్ (నా దగ్గర లేవు), పొత్షెబుయె (కావాలి), బ్రాకుయె మి (తక్కువయ్యాయి).

కర్త రూపంలాగే కనపడే బ్యెర్నిక్ అడిగేవి: మామ్ (నా దగ్గర ఉన్నాయి), కొష్తుయె (ఖరీదు), వినొశి (మొత్తం ఇంత), జరాబ్యామ్ (సంపాదిస్తున్నా), జా (ఇంత డబ్బుకి), పొనాద్ (ఇంతకు మించి).

"తో" రూపం అడిగేవి: జ్ (తో, తర్వాతి మాటని బట్టి స్ అనో జె అనో వినపడుతుంది), మ్యెంజి (మధ్య).

"గురించి" రూపం: ఒ. కానీ ఇదే ఒ "ఇంత ఎక్కువ", "ఇంత తక్కువ" అన్న అర్థంలో వస్తే బ్యెర్నిక్ అడుగుతుంది: ఒ తిశొంత్స్ జ్వొతిఖ్ వ్యెంత్సెయ్ (వెయ్యి ఎక్కువ).

పొనాద్, పొవిజెయ్ రెండూ మనకి "కంటే ఎక్కువ"లాగే ఉంటాయి, విభక్తి మాత్రం వేరు: పొనాద్ ప్యెంచ్ తిశెంత్సి, కానీ పొవిజెయ్ ప్యెంచు తిశెంత్సి. అలాగే ఉన్నాయి, లేవు అనేవి: మామ్ తిశొంత్స్ జ్వొతిఖ్, న్యె మామ్ తిశొంత్సా జ్వొతిఖ్. లేదు అన్నాక రూపం మారాల్సిందే, ఇది మర్చిపోతే ఎదుటివాళ్లకి అర్థమవుతుంది కానీ వెంటనే చెవికి తగులుతుంది.

6. ఇప్పుడు అంకెనీ వెయ్యినీ రెండిటినీ మార్చండి

అసలు కష్టం ఇక్కడే, మెల్లగా చదవండి. మనకి "ఐదు వేలతో" అంటే ఐదు కదలదు, వేలు మాత్రం వేలతో అవుతుంది. పోలిష్‌లో అంకె కూడా మారాలి.

అంకెల రూపాలు ఇవి రాసుకోండి. రెండు: యొక్క, గురించి రెండిటికీ ద్వుఖ్, "కి"కి ద్వుమ్, "తో"కి ద్వొమా. మూడు: త్షెఖ్, త్షెమ్, త్షెమా. నాలుగు: చ్తెరెఖ్, చ్తెరెమ్, చ్తెరెమా. ఐదు: అన్నిటికీ ప్యెంచు, "తో"కి ప్యెంచొమా కూడా వాడతారు. ఆరు షెశ్చు, పది జెశెంచు, ఇరవై ద్వుజెస్తు, వంద స్తు, ఐదు వందలు ప్యెంచుసెత్. చివర "ఉ" వచ్చిందంటే సాధారణంగా సరైన దారిలోనే ఉన్నట్టు.

రెండు వేలు వరసగా:
బెజ్ ద్వుఖ్ తిశెంత్సి జ్వొతిఖ్ (రెండు వేలు లేకుండా)
జెంకి ద్వుమ్ తిశొంత్సొమ్ జ్వొతిఖ్ (రెండు వేల పుణ్యమా అని)
జ్ ద్వొమా తిశొంత్సామి జ్వొతిఖ్ (రెండు వేలతో)
ఒ ద్వుఖ్ తిశొంత్సాఖ్ జ్వొతిఖ్ (రెండు వేల గురించి)

ఐదు వేలు:
బెజ్ ప్యెంచు తిశెంత్సి జ్వొతిఖ్
జెంకి ప్యెంచు తిశొంత్సొమ్ జ్వొతిఖ్
స్ ప్యెంచొమా తిశొంత్సామి జ్వొతిఖ్
ఒ ప్యెంచు తిశొంత్సాఖ్ జ్వొతిఖ్

ఐదు తర్వాత తిశెంత్సి వస్తుందని మూడో స్టెప్‌లో నేర్చుకున్నాం కదా అని ఇక్కడ కూడా "ఒ ప్యెంచు తిశెంత్సి" అనేస్తారు. తప్పు. ఐదు తర్వాత తిశెంత్సి రావడం కర్త, బ్యెర్నిక్ రూపాల్లో మాత్రమే, మిగతా విభక్తుల్లో ఐదు తన పెత్తనం వదిలేస్తుంది, అంకే వెయ్యీ రెండూ వాక్యం అడిగిన విభక్తిలోకి వెళ్లిపోతాయి. దొపెవ్న్యాచ్‌లో తిశెంత్సి రావడం కూడా వాక్యం అడిగింది కాబట్టే, రూపం ఒకటే కావడంతో కలిసిపోయినట్టు కనపడుతుంది అంతే.

21, 31 లాంటి వాటిలో చివరి యెదెన్ ఏ విభక్తిలోనూ మారదు: ఒకొవొ ద్వుజెస్తు యెదెన్ తిశెంత్సి జ్వొతిఖ్.

ఒక పెద్ద నంబరు పూర్తిగా చేసి చూద్దాం, 23 152 జ్వొతి. మామూలుగా: ద్వాజెశ్చా త్షి తిశొంత్సె స్తో ప్యెంజెశొంత్ ద్వా జ్వొతె. సుమారు పెడితే: ఒకొవొ ద్వుజెస్తు త్షెఖ్ తిశెంత్సి స్తు ప్యెంజెశెంచు ద్వుఖ్ జ్వొతిఖ్. ప్రతి ముక్కా మారింది. మాటల్లో ఇంత పొడుగు నంబరుకి పోలిష్‌వాళ్లే కొన్ని ముక్కలు మార్చకుండా వదిలేయడం వింటారు, దాన్ని చూసి మీరు కాంట్రాక్టులో అలా రాయకండి.

7. క్రియని ఏకవచనం నపుంసకంలో పెట్టండి

వెయ్యి మంది వచ్చారు: తిశొంత్స్ ఒసుప్ ప్షిష్‌వొ. ఐదు వేల మంది వచ్చారు: ప్యెంచ్ తిశెంత్సి ఒసుప్ ప్షిష్‌వొ. "వచ్చింది" అన్నట్టు ఉంటుంది, మనకి వింతే కానీ అదే కరెక్టు. రెండు, మూడు, నాలుగు వేల దగ్గర బహువచనం కూడా వినిపిస్తుంది, మీరు మాత్రం అన్నిటికీ ప్షిష్‌వొ పెట్టుకుంటూ పోతే ఇబ్బంది ఉండదు.

8. సగాలు, పాయింట్లు వస్తే ఏకవచనం

ఒకటిన్నర వేలు, అంటే 1 500, పువ్‌తొరా తిశొంత్సా జ్వొతిఖ్. ఇది మాటల్లో విపరీతంగా వాడతారు, తప్పకుండా నేర్చుకోండి. పువ్‌తొరా అనే మాట ఏ విభక్తిలోనూ మారదు, అదొక అదృష్టం. అర మిలియన్: పువ్ మిల్యొనా. రెండున్నర వేలు: ద్వా ఇ పువ్ తిశొంత్సా. ఐదున్నర మిలియన్లు కూడా ప్యెంచ్ ఇ పువ్ మిల్యొనా. ముందు ఐదు ఉంది కదా అని మిల్యొనుఫ్ అనకండి, సగం పక్కన ఉన్నప్పుడు సగమే శాసిస్తుంది.

పేపర్లో 3,7 అని కామాతో రాస్తే అది మూడు పాయింట్ ఏడు, పోలండ్‌లో పాయింటు బదులు కామా పెడతారు, వేల మధ్య ఖాళీ వదులుతారు. దాని తర్వాత కూడా మిల్యొనా అనే చదవాలి.

9. సంవత్సరాలకి ఈ రూల్స్ వాడొద్దు

సంవత్సరం చెప్పేటప్పుడు వేలు, వందలు కదలవు, చివరి పదులు, ఒకట్లు మాత్రమే "నాలుగో", "ఇరవయ్యో" రూపంలోకి వెళ్లి మారతాయి. పోలండ్ యూరోపియన్ యూనియన్‌లో చేరింది 2004లో: వ్ ద్వా తిశొంత్సె చ్ఫార్తిమ్ రొకు. ఇక్కడ ద్వుఖ్ తిశొంత్సాఖ్ అనకూడదు. 2000 సంవత్సరానికి ఒక్కదానికే ప్రత్యేకంగా వ్ ద్వుతిశెంచ్నిమ్ రొకు అంటారు, అది చూసి 2004ని కూడా ద్వుతిశెంచ్నిమ్ చ్ఫార్తిమ్ అనేవాళ్లున్నారు, చాలామంది పోలిష్‌వాళ్లు కూడా అంటారు, అయినా తప్పే.

మళ్లీ మళ్లీ కనపడే తప్పులు

"ద్వ్యె తిశొంత్సె ఒసుప్". ఒసొబా (వ్యక్తి) స్త్రీలింగం కదా అని స్త్రీలింగం రెండు, అంటే ద్వ్యె, పెట్టేస్తారు. రెండు అనేది వ్యక్తుల్ని కాదు వేలని లెక్కపెడుతోంది, వెయ్యి పుంలింగం, కాబట్టి ఆడవాళ్లైనా మగవాళ్లైనా ద్వా తిశొంత్సె. 

దీనికి తిరుగుడు తప్పు కూడా ఉంది. మగ విద్యార్థులు ఇద్దరైతే ద్వుఖ్ స్తుదెన్తుఫ్ అంటారు కాబట్టి రెండు వేలమంది విద్యార్థులు వచ్చారనడానికి ద్వుఖ్ తిశెంత్సి స్తుదెన్తుఫ్ ప్షిష్‌వొ అంటారు. కాదు, ద్వా తిశొంత్సె స్తుదెన్తుఫ్ ప్షిష్‌వొ. కొంచెం బాగా నేర్చుకున్నవాళ్లే ఇది చేస్తారు.

"తిశొంత్స్ జ్వొతె", "మిల్యొన్ జ్వొతి". నాలుగో స్టెప్ మళ్లీ చూడండి.

చెక్కులో, ఫారంలో స్వొవ్‌న్యె (అక్షరాల్లో) అని ఉన్నచోట విభక్తి రూపం రాయడం. అక్కడ ఎప్పుడూ కర్త రూపమే: త్షి తిశొంత్సె జ్వొతిఖ్. అదే కాంట్రాక్టు వాక్యం మధ్యలో అద్దె "వ్ విసొకొశ్చి" అని వస్తే ద్వుఖ్ తిశెంత్సి ఒశ్మ్యుసెత్ జ్వొతిఖ్ (2 800) అని మారాలి. ఒకే పేజీలో ఒకే మొత్తం రెండు రూపాల్లో కనపడితే కంగారు పడకండి, రెండూ కరెక్టే.

పొట్టి రూపాల్లో చుక్క. వెయ్యికి టి-వై-ఎస్ అని మూడక్షరాలు రాసి చుక్క పెట్టాలి. మిలియన్‌కి ఎం-ఎల్-ఎన్, మిలియార్డ్‌కి ఎం-ఎల్-డి, వీటికి చుక్క ఉండదు, ఎందుకంటే ఆ మాటల చివరి అక్షరం పొట్టి రూపంలో ఉంది.

అప్పటికప్పుడు రాకపోతే ఏం చేయాలి

కౌంటర్ దగ్గర నిలబడి ద్వుజెస్తు త్షెఖ్ అని ఆలోచిస్తూ ఉండటం అయ్యే పని కాదు. వాక్యాన్నే మార్చేయండి, కర్తలాగే ఉండే రూపం వచ్చేలా. ఒకొవొ (సుమారు) బదులు మ్న్యెయ్ వ్యెంత్సెయ్ (ఇంచుమించు) వాడితే దానికి ఏ విభక్తీ అక్కర్లేదు: మ్న్యెయ్ వ్యెంత్సెయ్ ప్యెంచ్ తిశెంత్సి. ప్రావ్యె (దాదాపు) కూడా అంతే. పొవిజెయ్ బదులు పొనాద్. "ఐదు వేలు కావాలి"కి పొత్షెబుయె బదులు, డిపాజిట్ ఎంత అన్న సందర్భమైతే, కౌత్స్యా వినొశి ప్యెంచ్ తిశెంత్సి జ్వొతిఖ్ (డిపాజిట్ ఐదు వేలు) అనండి. మెసేజ్‌లో అయితే అంకెలు, పొట్టి రూపం రాసేయండి, చదివేవాళ్లే మార్చుకుని చదువుకుంటారు. ఇవి దొంగదారులేమీ కాదు, పోలిష్‌వాళ్లూ ఇలాగే మాట్లాడతారు.

సరిగ్గా వచ్చిందో లేదో ఎలా తెలుసుకోవాలి

మొదటి పరీక్ష: నంబరు తీసేసి అక్కడ ఒక్క తిశొంత్స్ పెట్టి చూడండి. ఒకొవొ తిశొంత్సా అని వస్తే అక్కడ దొపెవ్న్యాచ్ కావాలని ఖాయం, ఇప్పుడు మీ పెద్ద నంబరు అంతా దొపెవ్న్యాచ్‌లో ఉందా అని ఒక్కో ముక్కా చూసుకోండి.

రెండోది: మీ వాక్యం ముక్కని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి సెర్చ్ చేయండి, పోలిష్ పేపర్లలో అదే వరస వస్తోందా చూడండి. ఇంకా నమ్మకంగా కావాలంటే పోలిష్ జాతీయ కార్పస్ (నిజంగా వాడిన పోలిష్ వాక్యాల పెద్ద సేకరణ) ఆన్‌లైన్‌లో ఉంది, అందులో వెతకండి. అనువాద యాప్‌ని మాత్రం ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, అంకెలు అంకెల్లాగే వదిలేస్తే అది రూపం చూపించదు, అక్షరాల్లో రాసి ఇచ్చినా మీ తప్పుని సర్దుకుని అర్థం చెప్పేస్తుంది కాబట్టి తప్పు ఉందని మీకు తెలియదు.

మూడోది వినడం. పోలిష్ రేడియో వార్తల్లో బడ్జెట్, జనాభా, ఎన్నికల మాటలు వచ్చినప్పుడు రూపాలు పట్టుకోండి. 2021 జనాభా లెక్కల ప్రకారం పోలండ్‌లో 3 కోట్ల 80 లక్షల మంది ఉన్నారు, అది వార్తల్లో ఇలా వస్తుంది: వ్ పొల్స్‌త్సె మ్యెష్కా ఒకొవొ త్షిజెస్తు ఒశ్మ్యు మిల్యొనుఫ్ లుజి. ఒకొవొ వినపడగానే తర్వాత ఉకారాలు వరసగా పడుతున్నాయా అని చెవి పెట్టండి.

చివరగా ఇవి చేత్తో రాసి చూసుకోండి, జవాబులు కిందే ఉన్నాయి, ముందు చూడకండి.

క) నా దగ్గర నాలుగు వేల జ్వొతి ఉన్నాయి.
ఖ) నా దగ్గర నాలుగు వేల జ్వొతి లేవు.
గ) ఖరీదు పద్నాలుగు వేల జ్వొతి.
ఘ) సుమారు రెండు మిలియన్ల మంది.
చ) మూడు వేల జ్వొతితో.
ఛ) ఒకటిన్నర మిలియన్.

జవాబులు:
క) మామ్ చ్తెరి తిశొంత్సె జ్వొతిఖ్.
ఖ) న్యె మామ్ చ్తెరెఖ్ తిశెంత్సి జ్వొతిఖ్.
గ) కొష్తుయె చ్తెర్నాశ్చె తిశెంత్సి జ్వొతిఖ్.
ఘ) ఒకొవొ ద్వుఖ్ మిల్యొనుఫ్ లుజి.
చ) స్ త్షెమా తిశొంత్సామి జ్వొతిఖ్.
ఛ) పువ్‌తొరా మిల్యొనా.

క, గ తప్పితే మూడో స్టెప్ మళ్లీ చదవండి. ఖ, ఘ తప్పితే ఐదోది. చ తప్పితే ఆరో స్టెప్‌లో ఉన్న రెండు వేల వరస, ఐదు వేల వరస రెండూ పైకి చదువుతూ మళ్లీ రాయండి, తర్వాత ఏడు వేలకి, పన్నెండు వేలకి మీరే అదే వరస తయారుచేసి డిక్షనరీతో సరిచూసుకోండి.